ట్రాక్టరు కక్కిన ఎర్రనీళ్ళు

రిసాల్ సింగ్ పైపెదవి ఎలా ఉంటుందో అతని భార్య భర్పాయికి తెలియదు. పెళ్ళినాటికే దానిమీద మీసాలున్నాయి. అప్పుడు నల్లగా ఉండేవి, ఇప్పుడు పాలనురుగులా తెల్లబడ్డాయి. పొద్దున్నే లేచి ముందు మీసాలకు వెన్న రాసి మెలితిప్పుకుని, ఆ తర్వాతే బర్రెకు మేత వేసేవాడు. అలాంటి మీసాలను ఆయన ఒక ముసలి ట్రాక్టరు మీద పందెం కాశాడు.

రిసాల్ చెల్లెలు కితాబో చిన్నకూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి మేనమామ భాత్, అంటే పుట్టింటి సారె, మోసుకెళ్ళాలి. బట్టలు, మిఠాయి, పసుపు, గోరింటాకు, చెల్లెలికి ఎర్ర చున్నీ, అన్నీ ట్రాలీలో పెట్టుకుని, పాటలు పాడే ఆడవాళ్ళను ఎక్కించుకుని, చెల్లెలి గుమ్మం ముందు దిగాలి. ఆమె హారతి పళ్ళెం పట్టుకుని పీట మీద నిలబడి ఉంటుంది. అన్న వచ్చి చున్నీ కప్పేదాకా పీట దిగకూడదు.

పెద్దకూతురి పెళ్ళికి ఆ ట్రాక్టరు దారి పొడుగునా ఉడుకుతూ, ఆగుతూ, నీళ్ళు తాగుతూ వెళ్ళింది. మధ్యాహ్నం దిగవలసినవాళ్ళు మగపెళ్ళివారు భోజనాలు ముగించి పుల్లలతో పళ్ళు కుట్టుకునే వేళకు దిగారు. అందాకా కితాబో పీట మీదే ఉంది. "మీ అన్న వస్తున్నాడా, ఇంకా బండికి నీళ్ళు పడుతున్నాడా?" అని ఆమె అత్త ఆనాడు వేసిన వేళాకోళం ఆ ఇంట్లో ఇంకా పాతబడలేదు.

అందుకే ఈసారి భాత్‌కి పిలవడానికి బెల్లం గడ్డ పట్టుకుని పుట్టింటికి వచ్చిన కితాబో, మంచం మీద కూర్చోకముందే మొదలుపెట్టింది.

"అన్నా, ఈసారి జీపు మాట్లాడుకో. నీ ట్రాక్టరుకో దండం."

"ఏ ట్రాక్టరుకి? నువ్వు అత్తారింటికి వెళ్ళిన ట్రాక్టరుకేనా?"

"నన్ను పంపించినప్పుడు బాగానే నడిచింది. తర్వాతే దానికి రోగమొచ్చింది."

"నాన్న కొన్న బండే అది. దాన్ని వాకిట్లో కట్టేసి అద్దె జీపులో దిగితే మీ ఊరివాళ్ళు ఏమంటారు?"

"టైముకొచ్చాడంటారు."

వాకిట్లో హుక్కా చుట్టూ కూర్చున్న ముసలాళ్ళు పొగ ఎగపీల్చబోయి దగ్గి మరీ నవ్వారు. ఆ నవ్వు రిసాల్ నెత్తికెక్కింది. లేచి నిలబడి మీసం మీద చెయ్యి వేశాడు.

"విను కితాబో. మీరూ వినండి. అదే ట్రాక్టరు మీద వస్తా. దారిలో ఎక్కడైనా ఆగిందా, మీ ఊరి మంగలినే పిలిచి ఈ మీసాలు గీయించుకుంటా."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భర్పాయి ఆ మీసాల వంక చూసింది. మీసాల్లేని మొగుడితో ఈ వయసులో మళ్ళీ కొత్తగా కాపురం మొదలుపెట్టాలా?

ఆమెకు అప్పటికే ఇంకో తలనొప్పి ఉంది. పసుపు. రెండు మూడేళ్ళుగా ఇంట్లో పసుపు నిలవడం లేదు. డబ్బా నింపి పెడితే నాలుగు కూరలు వండేసరికి అడుగు కనిపిస్తుంది. పిల్లి పసుపు తినదు. ఎలుకలు తినవు. కొడుకు కుల్దీప్ మిలిటరీలో ఉన్నాడు. ఇంట్లో ఇక మిగిలింది కోడలు సంతరా. ఆ పిల్ల పుట్టిల్లు దగ్గర్లోనే ఉంది. భర్పాయి ఆలోచించి ఆలోచించి ఆ ఇంటి దారి పట్టింది. ఒకరోజు వాకిట్లో పదిమందీ ఉండగా, "మా ఇంట్లో పసుపుకి కాళ్ళొచ్చాయమ్మా, పుట్టిళ్ళకి నడిచి వెళ్తోంది," అనేసింది. సంతరా ముసుగు కింద ముఖం ఎలా పెట్టిందో ఎవరికీ కనిపించలేదు. ఆ రోజు నుంచి రొట్టెలు మాత్రం కొంచెం మాడుతున్నాయి. భర్పాయి పసుపు డబ్బాని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుంది. అయినా ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి పసుపు తరుగుతూనే ఉంది.

భాత్ రేపనగా ట్రాక్టర్లు బాగుచేసే ఇలియాస్ మిస్త్రీ వచ్చాడు. జ్యేష్ఠమాసపు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన ట్రాక్టరు చుట్టూ తిరిగి, వంగి చూసి, రేడియేటరు మూత దగ్గర ఆగాడు. మూత లేదు. దాని స్థానంలో తుమ్మకొయ్య ముక్కకి పాత తలపాగా గుడ్డ చుట్టి దిగ్గొట్టి ఉంది.

"పెదనాన్నా, ఇదేంటి?"

"మూత."

"ఇది మూతా? నేనింకా బండి పంటినొప్పికి గుడ్డ కట్టుకుందేమో అనుకున్నా."

హుక్కా ముసలాళ్ళలో పెద్దవాడు దయాచంద్, మంచాన్ని నీడలోకి జరిపించుకుని మరీ చూస్తున్నాడు. ఆయనకు వినపడేది తక్కువ. చెప్పేది ఎక్కువ.

"గాలి పోవాలిరా లోపలికి. గాలి పోతేనే బండి చల్లగా ఉంటుంది," అన్నాడు దయాచంద్.

"గాలి ఎట్నుంచి పోతుంది కాకా? గోధుమపొట్టుతో ఊపిరాడకుండా ఉందిది," అంటూ ఇలియాస్ ముందు జాలీ తీసి కుంచెతో రుద్దాడు. మొన్నటి నూర్పిళ్ళ పొట్టంతా బుట్టెడు రాలింది. తర్వాత కొయ్యముక్క పీకి లోపలికి వేలు పెట్టాడు. గోటి నిండా తెల్లటి గార వచ్చింది.

"ఏ నీళ్ళు పోస్తున్నావు?"

"బోరు నీళ్ళు."

"ఆ ఉప్పునీళ్ళు మీ బర్రె కూడా ముట్టదు. ట్రాక్టరుకి నోరు లేదని తాగించావు. టీ గిన్నె అడుగున కట్టినట్టు లోపలంతా గార కట్టింది. నీళ్ళు తిరగడానికి సందు ఉంటేగా చల్లబడేది? చాకలి సోడా పోసి కడగాలి." ఇలియాస్ ఒక కన్ను మూసి రిసాల్ వైపు చూశాడు. "ఇందులో నీళ్ళు కాకుండా ఇంకేమైనా పోశావా? నిజం చెప్పు. వైద్యుడి దగ్గరా మిస్త్రీ దగ్గరా దాచకూడదు."

"నీళ్ళు తప్ప ఇంకేం పోయలేదు. మా నాన్న మీద ఒట్టు!" అన్నాడు రిసాల్. అని ఎందుకో ఆకాశం వైపు చూశాడు.

ఇలియాస్ ఇంజను మెడ దగ్గరున్న చిన్న కవాటాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు. వేడినీళ్ళలో సోడా కరిగించి నిండా పోశాడు. ఊరి చెరువు నుంచి మోయించిన మంచినీళ్ళు డ్రమ్ములో సిద్ధంగా ఉంచాడు. ఇంజను తిప్పాడు. అది దగ్గి, తుమ్మి, అందుకుంది. లోపల సోడానీళ్ళు మసలడం మొదలయ్యాక చాలాసేపు అలాగే ఉంచి ఆపాడు. కొంచెం చల్లారాక, గోనెపట్టా అడ్డం పెట్టుకుని రేడియేటరు కింది కుళాయి తిప్పాడు.

భళ్ళున ఎర్రటి నీళ్ళు దూకాయి.

తుప్పు ఎరుపు కాదు అది. తుప్పునీళ్ళు ఇలియాస్ చాలా చూశాడు, అవి గోధుమరంగుగా ఉంటాయి. ఇది నెత్తురు ఎరుపు. ఇంజను పక్క కుళాయి తిప్పితే అక్కణ్ణుంచీ అదే ఎరుపు. మట్టి మీద పారి, మంచం కోళ్ళ దాకా వచ్చింది. దయాచంద్ కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"రక్తం! చెప్పానా, నిండు ప్రాణమున్న బండి అది! పేగు తెగిందిరా దానికి!"

"ఇనుముకి పేగులేంటి కాకా..." అన్నాడు ఇలియాస్. కానీ ఆయన గొంతులో కూడా ధీమా లేదు. ఇన్నేళ్ళ పనిలో ట్రాక్టరు నెత్తురు కక్కడం ఆయనా చూడలేదు.

రిసాల్ సింగ్ మట్టిలో కూలబడ్డాడు. చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

అప్పుడే భర్పాయి మిస్త్రీ కోసం చెంబునిండా మజ్జిగ పట్టుకుని వచ్చింది. ఎర్రనీళ్ళు చూసి ఆగింది. మగాళ్ళ ముఖాలు చూసింది. కిందికి వంగి, ఒక గుంటలో నిలిచిన నీళ్ళలో వేలు ముంచి వాసన చూసింది. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. పప్పు పొంగి పొయ్యిలో పడ్డప్పుడు వచ్చే వాసన.

చెంబులోని మజ్జిగ కొంచెం ఆ గుంటలో పోసి వేలితో కలిపింది. ఎరుపు విరిగి, నారింజరంగు తిరిగి, అందరూ చూస్తుండగానే పచ్చగా, నిఖార్సైన పసుపురంగులోకి మారిపోయింది.

"కూర మరక పడ్డ చొక్కాకి సబ్బు పెడితే ఇలాగే ఎర్రబడుతుంది. పులిసిన మజ్జిగ పోస్తే మళ్ళీ పచ్చబడుతుంది," అంది భర్పాయి నెమ్మదిగా. "మీరెవరూ ఎప్పుడూ చొక్కా ఉతుక్కున్న పాపాన పోలేదుగా, మీకెలా తెలుస్తుంది?"

హుక్కా గొట్టం చేతులు మారడం ఆగిపోయింది.

"కుల్దీప్ నాన్నా," అంది భర్పాయి.

రిసాల్ బర్రె వైపు చూస్తున్నాడు.

"కుల్దీప్ నాన్నా, నిన్నే."

"కారుతుంటే పిడికెడు వేశా," అన్నాడు రిసాల్. "పసుపు వేస్తే చిల్లి పూడుతుందని సంతలో ఒకడు చెప్పాడు. పూడింది కూడా."

"పిడికెడా?"

"కారినప్పుడల్లా పిడికెడు."

"తాళం?"

"నువ్వు పడుకుంటే చెవి పక్కనే వేలాడుతూ ఉంటుందిగా."

ఇలియాస్ చెంబులో మిగిలిన మజ్జిగ గటగటా తాగేసి, ముఖం అటు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. భర్పాయికి మాత్రం నవ్వు రాలేదు. బర్రెల కొట్టం దగ్గర పిడకలు కొడుతున్న సంతరా వైపు చూసింది. ముసుగు కదల్లేదు. పిడక మాత్రం గోడకి చాలా గట్టిగా అంటుకుంది.

ఇలియాస్ పైపు పెట్టి కింది నుంచి పైకి మంచినీళ్ళు తోలాడు. ఎరుపు తగ్గి, గులాబీ అయ్యి, గార పెచ్చులు పెచ్చులుగా కొట్టుకొచ్చి, చివరికి నీళ్ళు నీళ్ళలా వచ్చాయి. కవాటం బిగించాడు. సంచీలోంచి అసలైన మూత తీసి పెట్టాడు. నిండా మంచినీళ్ళు నింపి, చేతులు తుడుచుకుని, "చూడు పెదనాన్నా, పెళ్ళికూతురిలా ఉంది," అన్నాడు.

పెళ్ళికూతురు ఏడవడం మొదలుపెట్టింది. ముందు ఒక చుక్క. తర్వాత పక్కన ఇంకొకటి. కాసేపటికి రేడియేటరు ముఖమంతా చెమట పట్టినట్టు చుక్కలే.

"ఏంటిరా ఇది?" అన్నాడు రిసాల్.

ఇలియాస్ తల గోక్కున్నాడు. "దీన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఇత్తడి కాదు పెదనాన్నా. గారా, పసుపూ. రెంటినీ కడిగేశాను."

"అయితే అతుకు పెట్టు!"

"విప్పి పట్నం తీసుకెళ్ళి పెట్టించాలి. ఎల్లుండికి వస్తుంది."

"భాత్ రేపు!"

"రేపటికైతే..." ఇలియాస్ భర్పాయి నడుము వైపు, దాని మీద వేలాడే తాళంచెవి వైపు చూసి, చూపు దించుకున్నాడు. "రేపటికైతే పసుపే గతి. కొంచెం. చెంచాడు. పిడికెళ్ళు కాదు."

రిసాల్ లేచి భార్య ముందుకొచ్చాడు. "ఏమేవ్, కొంచెం..."

"నన్నడక్కు," అంది భర్పాయి. నడుము నుంచి తాళంచెవి విప్పింది. పిడకల దగ్గరికి వెళ్ళి, పేడచేతులతో ఉన్న కోడలి కొంగుకి ఆ చెవిని తనే ముడివేసింది. ముడిని ఇంకోసారి బిగించి వచ్చేసింది.

ఇప్పుడు రిసాల్‌కి అసలు కష్టం వచ్చింది. ఆ ఇంట్లో కోడలు మామగారితో నేరుగా మాట్లాడదు, మామగారూ కోడలితో మాట్లాడడు. ఆయన బర్రె దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఒసే భూరీ, ఇంటి కోడలితో చెప్పు. ఒక చెంచాడు పసుపు కావాలట."

బర్రె నెమరువేసింది. ముసుగులోంచి గొంతు వచ్చింది.

"భూరీ, మామగారితో చెప్పు. మా ఇంట్లో పసుపుకి కాళ్ళొచ్చాయట. ఎక్కడికి నడిచిందో కనుక్కోమను."

"అది... ట్రాక్టరులోకి నడిచిందని చెప్పవే."

"అప్పుడు వాకిట్లో అందరికీ వినపడేలా అన్నారు. ఇప్పుడు నీ చెవిలో చెబితే ఎవరికి వినపడుతుందే భూరీ? దయాచంద్ తాతకి అసలే చెవుడు."

రిసాల్ సింగ్ మెడ ఎర్రబడింది. మీసం ఒకసారి తడుముకున్నాడు. పసుపు దొరక్కపోతే రేపటికి అది ఉండదు. వాకిట్లోకి తిరిగి, పొలంలో పందుల్ని తోలే గొంతుతో అరిచాడు.

"పసుపు దొంగని నేనే! కోడలు కాదు! నేనే!"

"ఏమంటున్నాడు?" అన్నాడు దయాచంద్.

"పసుపు దొంగ తనేనట కాకా!" అని పక్కవాడు ఆయన చెవిలో అరిచాడు. అలా ఊరికి రెండుసార్లు వినిపించింది.

సంతరా చేతులు కడుక్కుని, తాళం తీసి, సరిగ్గా ఒక చెంచాడు పసుపు కొలిచి, తలగొట్టి ఇచ్చింది. ఆ పూట అత్తగారు కోడలి రొట్టె మీద వేసిన వెన్నముద్ద రొట్టె కంటే పెద్దగా ఉంది. రొట్టె కూడా మాడలేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. చెంచాడు పసుపు పనిచేసింది, చుక్క కారలేదు. ట్రాలీలో సంతరాతో సహా ఆడవాళ్ళంతా ఎక్కి పాట ఎత్తుకున్నారు. భర్పాయి భాత్ బుట్టలు పక్కన పెట్టుకుని కూర్చుంది. కాలవ గట్టు దాటారు. రైలుగేటు పడితే ఇంజను ఆపకుండానే నిలబడ్డారు. అది ఆగడం కిందికి రాదని, ఆగింది రైలుగేటు వల్లనని ఆడవాళ్ళంతా ఒక్కమాటగా తేల్చారు. ఇంజను వేడి చూపించే సూది పచ్చగీత దాటలేదు. రిసాల్ స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మీసం తిప్పుతున్నాడు.

అప్పుడు భర్పాయి చెయ్యి భాత్ బుట్టలోని పసుపు పొట్లానికి తగిలింది. నిన్న బిగువుగా కట్టిన పొట్లం. ఇప్పుడు వదులుగా ఉంది. సగం ఖాళీ.

"కుల్దీప్ నాన్నా!" అని ట్రాలీలోంచి అరిచింది. "మళ్ళీ వేశావా?"

"ఎందుకైనా మంచిదని!" అన్నాడు ఆయన వెనక్కి తిరక్కుండా.

ఆ ఎందుకైనా మంచిది కితాబో వీధి మలుపులో బయటపడింది. పిడికెళ్ళ కొద్దీ పడ్డ పసుపు లోపల ముద్ద కట్టి, నీళ్ళ దారి మూసుకుపోయింది. సూది పైకి పాకింది. బుసబుసమంటూ ఆవిరి లేచింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఎదురుగా గుమ్మం కనిపిస్తోంది. పీట కనిపిస్తోంది. పీట మీద పళ్ళెంతో కితాబో కనిపిస్తోంది. పక్కన ఆమె అత్త కూడా కనిపిస్తోంది.

పాట ఆగిపోయింది. రిసాల్ దిగి, గోనెపట్టా వేసి మూత వదులు చేశాడు. వేడి తగ్గేదాకా ముట్టుకోవద్దని ఇలియాస్ మరీ మరీ చెప్పాడు. బుస్సుమని పచ్చటి నురగ చిమ్మింది. గోనెపట్టా అడ్డం ఉండబట్టి ముఖం దక్కింది, మీసాలు దక్కలేదు. గాలికి ఎగిరిన తుంపరంతా వాటిమీదే పడింది. తెల్లటి మీసాలు నిమ్మపండులా పచ్చబడ్డాయి.

"వచ్చాడా మీ అన్న?" అంది కితాబో అత్త. "వీధి మొగలోనే ఆగాడే! ఇది ఇంకా దారే కదా?"

రిసాల్ తలెత్తాడు. "దారే," అన్నాడు. "మాటంటే మాటే. మంగలిని పిలవండి."

భర్పాయి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కితాబో పీట దిగి ఉంది. ఎడంచేత్తో పళ్ళెం, కుడిచేత్తో పీట పట్టుకుని, వీధిలో విసవిసా నడిచి వచ్చింది. ట్రాక్టరు ముక్కుకి ఎదురుగా పీట వేసి ఎక్కి నిలబడింది.

"కోడలా, పీట దిగావేంటి!" అని అత్త కేకేసింది.

"దిగలేదత్తా, జరుపుకున్నా. నేనెక్కడ పీట వేసుకుంటే అదే నా గుమ్మం," అంది కితాబో. అన్న వైపు తిరిగింది. "ఏంటి చూస్తావు? బండి గుమ్మం ముందే ఆగింది. ఎండ నెత్తికెక్కకముందే వచ్చావు. మా అత్త ఇంకా నాలుగు మాటలు కూడా అనలేదు, ఇంత తొందరగా ఎప్పుడొచ్చావు నువ్వు? చున్నీ కప్పు!"

రిసాల్ చున్నీ కప్పాడు. ఆమె బొట్టు పెట్టి, లడ్డూ నోట్లో పెట్టబోయి ఆగింది. "ఈ మీసాలేంటన్నా? పెళ్ళికూతురికి కదా పసుపు రాసేది?" అని పకపకా నవ్వింది. ట్రాలీలో ఆడవాళ్ళు పాటని ఆగిన చోటునుంచే మళ్ళీ అందుకున్నారు.

తంతు అయ్యాక రిసాల్ ఎవరికీ చెప్పకుండా చేతిపంపు దగ్గరికి వెళ్ళాడు. పచ్చమీసాలతో మగపెళ్ళివారి మధ్య కూర్చోలేడు గదా. అక్కడ బట్టల సబ్బు ముక్క ఒకటి కనిపించింది. బాగా రుద్దాడు. ఎంత రుద్దితే అంత మంచిదనుకున్నాడు.

తల ఎత్తి ఇటు తిరిగేసరికి, పంపు దగ్గర బిందె నింపుకోవడానికి వచ్చిన సంతరా, ఆమె వెనకే వచ్చిన భర్పాయి నిలబడిపోయారు. మీసాలు దానిమ్మగింజల్లా ఎర్రగా ఉన్నాయి.

అప్పుడే కితాబో మామగారు అటు వచ్చాడు. ఆయన వచ్చి, ఆగి, దగ్గరగా చూసి, రిసాల్ భుజం తట్టాడు. "గోరింటాకు ఎంత బాగా పండిందయ్యా నీ మీసాలకి! ఏ దుకాణంలో తెచ్చావు? మాకెప్పుడూ ఇంత పండదు."

రిసాల్ దిక్కుతోచక భార్య వైపు చూశాడు. భర్పాయి నోట్లో కొంగు కుక్కుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడి మీసాలని నలుపు, తెలుపు, పసుపు కాక నాలుగో రంగులో చూస్తోంది ఆవిడ.

ముసుగులోంచి సంతరా చేతిపంపుతో మాట్లాడింది.

"ఓ పంపూ, మామగారితో చెప్పు. మజ్జిగ పోస్తే మళ్ళీ పచ్చగా అవుతాయి. ఏ రంగు కావాలో ఆయన్నే తేల్చుకోమను."

రిసాల్ సింగ్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఎర్రటి మీసాలు రెండువైపులా మెలితిప్పుకుని, "మా కోడలు తెప్పించిన గోరింటాకండీ అది," అంటూ ఆ పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి పందిట్లోకి నడిచాడు.